స్టంప్ గ్రైండర్ తేలికగా మలుపు తిరగాలంటే ఏం చేయాలి?

చెట్టు నరికిన తరువాత నేలలో మిగిలిన మొద్దును పొట్టు చేసే చక్రాల స్టంప్ గ్రైండర్ కొన్నవారు, అద్దెకు తిప్పుతున్నవారు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే. "మిషను కోయడం బాగానే కోస్తోందండీ, కానీ మొద్దు దగ్గర పక్కకు తిప్పాలంటే ఇద్దరు మనుషులు పట్టవలసి వస్తోంది. ఇంజను పెద్దది వేయిస్తే సరిపోతుందా?" సరిపోదు. పైగా బరువు పెరిగి కష్టం ఇంకా ఎక్కువవుతుంది. మలుపు కష్టం కావడానికి కారణం చాలావరకు చక్రాల దగ్గర, ఇరుసు దగ్గర, బరువు పడే చోట ఉంటుంది. వాటిని వరుసగా సరిచేసుకుంటూ పోతే సగం మిషన్లకు లేత్ షాపు మెట్లు ఎక్కవలసిన అవసరమే రాదు.

తెలుసుకోవలసిన సిద్ధాంతం ఇంతే. రెండు చక్రాల మధ్య దూరం 60 సెంటీమీటర్లు ఉన్న మిషనును లోపలి చక్రం మీద నిలిపి పావు వంతు తిప్పితే, బయటి చక్రం 94 సెంటీమీటర్లు నడుస్తుంది, లోపలి చక్రం అసలు నడవదు. రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటే ఈ తేడాకు చోటు ఉండదు కాబట్టి ఏదో ఒక చక్రం నేలను రాసుకుంటూ జారవలసిందే. మీ భుజాలు మోస్తున్నది ఆ రాపిడినే.

ముందుగా మీ మిషను ఏ రకమో తేల్చుకోండి

ఇంజను ఆపి, గేరును న్యూట్రల్‌లో ఉంచి, రెండు చక్రాలూ గాలిలో ఉండేలా చెక్క దిమ్మల మీద నిలపండి. ఒక చక్రాన్ని చేత్తో తిప్పుతూ రెండోదాన్ని చూడండి. రెండోది కూడా అదే వైపు తిరిగితే మీది ఒకే ఇరుసు మిషను. అడిగేవారిలో ఎక్కువమందివి ఇవే. రెండోది కదలకపోతే ప్రతి చక్రానికీ విడి బేరింగు ఉన్న తోపుడు మిషను. గేరు వేసి తిప్పినప్పుడు రెండోది ఎదురు దిశలో తిరిగితే డిఫరెన్షియల్ (మలుపులో రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టె) ఉన్నట్టు. రెండూ మొండికేసి, చక్రాల వెనుక గొట్టాలు కనిపిస్తుంటే హైడ్రాలిక్ మోటార్ల మిషను. దాని సంగతి వేరుగా 8వ మెట్టులో చెప్పాను.

కావలసినవి

స్పానర్ల సెట్టు, జాకీ, గట్టి చెక్క దిమ్మలు నాలుగు, టైరు గాలి చూసే గేజి, సుద్దముక్క, టేపు, గ్రీజు గన్ను, 50 కిలోల వరకు తూగే వేలాడే త్రాసు సిద్ధం చేసుకోండి. త్రాసు ఎందుకని నవ్వుకోకండి. ఈ పని మొత్తంలో అబద్ధం చెప్పని పనిముట్టు అదొక్కటే. ఇరుసు పని దాకా వెళ్తే వీటికి తోడు రెండు గన్‌మెటల్ బుష్‌లు (ఇరుసుకూ హబ్బుకూ మధ్య కూర్చునే కంచు మిశ్రమం గొట్టాలు), గ్రీజు నిపుల్‌లు (గ్రీజు గన్ను తగిలించే చిన్న మూతులు), ఇరుసు కొలతకు సరిపడే కాలర్లు (ఇరుసు మీద స్క్రూతో బిగించే రింగులు), 10 మి.మీ. ఉక్కు పిన్నులు, ట్రాక్టర్ సామాన్ల కొట్లో దొరికే లించ్ పిన్నులు కావాలి.

హెచ్చరిక: ఏ మెట్టు మొదలుపెట్టినా ముందుగా స్పార్క్ ప్లగ్ టోపీ లాగి పక్కకు కట్టేయండి, పెట్రోలు కాకు మూసేయండి. ఇంజను ఆపిన తరువాత కూడా కోత చక్రం కొన్ని క్షణాలు తిరుగుతూనే ఉంటుంది; అది పూర్తిగా ఆగిందని కంటితో చూసిన తరువాతే చెయ్యి పెట్టండి. మిషనును వంచవలసి వస్తే ఎయిర్ ఫిల్టర్ ఉన్న వైపు పైకి ఉండాలి, లేకపోతే ఇంజను ఆయిల్ అందులోకి దిగుతుంది. జాకీని నమ్మి కిందికి దూరవద్దు, బరువు దిమ్మల మీద ఉండాలి.

1. ఇప్పుడున్న కష్టాన్ని కొలవండి

సిమెంటు నేల మీద మిషనును నిలపండి. హ్యాండిల్ చివర త్రాసు కొక్కెం తగిలించి, హ్యాండిల్‌కు అడ్డంగా, నేలకు సమాంతరంగా మెల్లగా లాగండి. మిషను పక్కకు కదలడం మొదలైనప్పుడు ముల్లు ఎక్కడ ఉందో రాసుకోండి. ఎడమకు మూడుసార్లు, కుడికి మూడుసార్లు లాగి చూడండి. రెండు వైపులా అంకెల్లో పెద్ద తేడా ఉంటే, లోపం ఒకే చక్రంలోనో ఒకే బేరింగులోనో ఉందని ఇక్కడే తెలిసిపోతుంది. దాదాపు 110 కిలోల బరువున్న నా మిషనుకు మొదట 22 కిలోలు వచ్చింది. టైర్లు, బేరింగులు సరిచేశాక 17కు దిగింది. ఒక చక్రాన్ని ఇరుసు నుంచి విడిపించాక 7 దగ్గర ఆగింది.

2. టైర్లలో గాలి

ఇది మరీ చిన్న విషయంగా కనిపిస్తుంది కాబట్టే అందరూ దాటేస్తారు. టైరు పక్కన అచ్చువేసిన గరిష్ఠ అంకెను మించకుండా, మిషను పుస్తకంలో చెప్పిన గాలి పట్టించండి. అంతకన్నా ముఖ్యం, రెండు టైర్లలోనూ గాలి సమానంగా ఉండాలి; తేడా 1 పి.ఎస్.ఐ. దాటకుండా చూడండి. మెత్తబడిన టైరు వైపుకే మిషను ఈడుస్తుంది, మీరేమో హ్యాండిల్ వంగిందనుకుంటారు.

టైరు మార్చవలసి వస్తే రిమ్ముకు తగ్గదే తీసుకోవాలి. 8 అంగుళాల రిమ్ము ఉన్నవారికి ఆటోలకు వేసే 4.00-8 టైరు ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది, గట్టిగానూ ఉంటుంది. అయితే చట్రానికి, గార్డుకు తగలకుండా చోటుందో లేదో ముందే కొలుచుకోండి, రెండు చక్రాలకూ ఒకేసారి మార్చండి. వెడల్పు టైరు ఇసుకలో దిగబడదు కానీ సిమెంటు నేల మీద మొరాయిస్తుంది, సన్న టైరుది దీనికి సరిగ్గా తిరగేసిన స్వభావం. 2018లో తిత్లీ తుపాను తరువాత ఉద్దానంలో కూలిన కొబ్బరి తోటల వంటి ఇసుక నేలల్లో తిరిగే మిషనుకు వెడల్పు టైరే మేలు. ఊళ్ళో ఇళ్ళ ప్రహరీల మధ్య తిరిగేదానికి సన్నదే సుఖం.

3. చక్రాల వెనుక చుట్టుకున్న పీచు

కొబ్బరి మొద్దులు కోసేవారు ఈ మెట్టును తప్పనిసరిగా చేయాలి. కొబ్బరి వేరు కట్టె పొట్టులా రాలదు, దారాల్లా చీలి చక్రానికీ చట్రానికీ మధ్య సందులో చుట్టుకుంటుంది. నాలుగు రోజుల్లో అది తడిసి, ఎండి, తాడు పేనినట్టు బిగుసుకుని బేరింగు సీలును తొలిచేస్తుంది. చక్రాన్ని ఊడదీసి, పాత హాక్సా బ్లేడు ముక్కతో ఆ చుట్టను కోసి తీయండి. దాని కింద గ్రీజు నల్లగా, ఇసుక కలిసి గరగరలాడుతుంటే బేరింగు పని కూడా అయిపోయినట్టే.

4. బేరింగులు, లూజు

చక్రం గాలిలో ఉండగా టైరు పైభాగాన్ని ఒక చేత్తో, కింది భాగాన్ని మరో చేత్తో పట్టుకుని లోపలికీ బయటికీ ఊపండి. టకటకమంటే బేరింగులోనో హబ్బులోనో లూజు ఉంది. తరువాత చక్రాన్ని మెల్లగా తిప్పి వినండి. గరగర శబ్దం వస్తే బేరింగు మార్చాలి. పాత బేరింగు మీద చెక్కిన నంబరు చూసి అదే తెచ్చుకోండి. 6204 అయితే లోపలి కొలత 20 మి.మీ., 6205 అయితే 25 మి.మీ. రెండు వైపులా రబ్బరు సీలు ఉన్న రకాన్నే అడగండి, రేకు మూత రకం ఈ దుమ్ముకు ఆగదు. 25 మి.మీ. ఇరుసును ప్లమర్ బ్లాకులు (చట్రానికి బోల్టులతో బిగించే బేరింగు దిమ్మలు) మోస్తుంటే యు.సి.పి. 205 సరిపోతుంది. కొత్త బేరింగును సుత్తితో కొట్టి ఎక్కించేటప్పుడు దెబ్బ ఎప్పుడూ బిగువుగా కూర్చునే రింగు మీదే పడాలి: హబ్బులో కూర్చుంటే బయటి రింగు, ఇరుసు మీద కూర్చుంటే లోపలి రింగు. రెండో రింగు మీద కొడితే ఆ దెబ్బ గోళీల మీద పడి, కొత్త బేరింగు కూడా వారంలో గరగరలాడుతుంది.

ఇక్కడే ఇరుసు వంపు కూడా చూసుకోండి. చక్రం అంచుకు దగ్గరగా ఒక ఇటుక నిలబెట్టి చక్రాన్ని నెమ్మదిగా తిప్పితే, అంచుకీ ఇటుకకీ మధ్య సందు మారకూడదు. సందు పెరిగి తగ్గుతుంటే రిమ్మో ఇరుసో వంగింది. రెండు చక్రాల ముందు అంచుల మధ్య దూరాన్ని, వెనుక అంచుల మధ్య దూరాన్ని టేపుతో కొలవండి; తేడా 3 మి.మీ. దాటితే చక్రాలు సమాంతరంగా లేవు, ప్రతి అడుగులోనూ ఒకదానితో ఒకటి పోట్లాడుతున్నాయి.

5. హ్యాండిల్ లూజు, పొడవు

హ్యాండిల్ బోల్టుల రంధ్రాలు కోలగా అరిగితే, మీరు హ్యాండిల్‌ను జానెడు కదిపినా చట్రం కదలదు. దాన్ని పెద్ద బోల్టుతో కప్పిపుచ్చవద్దు. రంధ్రంలో ఉక్కు బుష్ వెల్డింగ్ చేయించి, నైలాక్ నట్టుతో (అదురుకు వదులు కాకుండా లోపల నైలాన్ రింగు ఉన్న నట్టు) బిగించండి.

హ్యాండిల్ పొడిగిస్తే బలం ఆదా అవుతుంది. ఇరుసు నుంచి 90 సెంటీమీటర్లున్న హ్యాండిల్‌ను 120కి పెంచితే 20 కిలోల లాగుడు 15కు దిగుతుంది. అంతకు మించి పొడిగిస్తే సందుల్లో పట్టదు, అదురు పెరుగుతుంది. పొడిగించినప్పుడు చెయ్యి వదిలితే కోతను ఆపే లివరు కేబుల్ కూడా తగినంత పొడవుది వేయాలి. ఆ లివరును తాడుతో కట్టేసి పని చేస్తున్నవారిని చూశాను. దయచేసి ఆ పని చేయకండి. హ్యాండిల్ పని పూర్తయిన ప్రతిసారీ, మొద్దుకు దూరంగా ఇంజను నడిపి, లివరు వదిలి, కోత ఆగుతుందో లేదో చూసిన తరువాతే పనిలోకి దిగండి.

6. బరువు ఎక్కడ పడుతోంది?

మిషనును పని చేసే భంగిమలో సమతలంగా ఉంచి, హ్యాండిల్ చివరను త్రాసుతో పైకి లాగి పట్టుకోండి. ఆ అంకె మీ చేతులు రోజంతా మోస్తున్న బరువు. ఉదాహరణకు మిషను 110 కిలోలు, బరువు కేంద్రం ఇరుసుకు 15 సెంటీమీటర్లు హ్యాండిల్ వైపు, హ్యాండిల్ పొడవు 110 సెంటీమీటర్లు అయితే చేతుల మీద 15 కిలోలు పడతాయి. ఇరుసును 5 సెంటీమీటర్లు హ్యాండిల్ వైపు జరిపితే అది దాదాపు పదిన్నర కిలోలకు దిగుతుంది. చట్రానికి అదనపు రంధ్రాలుంటే ఇది అరగంట పని, లేకపోతే వెల్డింగ్ పని. చైను ఉన్న మిషనుకు ఇరుసు జరిపాక చైను పొడవు, వరుస మళ్ళీ సరిచేయాలి.

అత్యాశకు పోవద్దు. ఈ బరువును సున్నా చేస్తే మిషను ముందుకు ఒరిగి కోత చక్రం తనంతట తానే నేలలో దిగబడుతుంది. 7, 8 కిలోలైనా హ్యాండిల్ వైపే మిగలనివ్వండి. మీ మిషను పుస్తకం మరోలా చెబితే పుస్తకం మాటే వినండి.

7. ఒకే ఇరుసు మిషనులో చక్రాన్ని విడిపించడం

అసలు మార్పు వచ్చేది ఈ మెట్టుతోనే. పైవన్నీ అయ్యాక కూడా త్రాసు అంకె తగ్గకపోతేనే దీనికి దిగండి.

తేలిక పద్ధతి: ఒక చక్రాన్ని ఇరుసుకు కట్టిపడేసే కీని (ఇరుసు గాడిలో కూర్చునే ఉక్కు ముక్కను) తీసేయడం. 25 మి.మీ. ఇరుసుకు సాధారణంగా 8 మి.మీ. వెడల్పు కీ ఉంటుంది. కీ తీసేసి చక్రాన్ని అలాగే వదిలితే హబ్బు ఇరుసును అరగదీస్తుంది కనుక, హబ్బును లేత్ మీద పెద్దది చేయించి గన్‌మెటల్ బుష్ దిగ్గొట్టించండి, గ్రీజు నిపుల్ పెట్టించండి. బుష్ ఇరుసు మీద చేత్తో తిరగాలి, ఊగకూడదు. బుష్ కూర్చునే చోట కీ గాడి అంచులు పదునుగా ఉంటే ఆకురాయితో మొద్దు చేయండి. చక్రం ఇటూ అటూ జరగకుండా లోపల ఒక కాలర్, బయట వాషరూ అడ్డు పిన్నూ తప్పనిసరిగా ఉండాలి. మొదటిసారి నేను బయటి పిన్ను మరిచిపోయాను. పని ముగించుకుని ట్రాలీ పలకల మీదికి ఎక్కిస్తుండగా ఆ చక్రం జానెడు బయటికి జరిగి, మిషను ఎద్దు కూలబడ్డట్టు ఒక పక్కకు కూర్చుంది. కాలు దాని కింద లేకపోవడం నా అదృష్టం.

ఈ పద్ధతిలో లాగే చక్రం ఒక్కటే కాబట్టి, నేరుగా నడిపేటప్పుడు మిషను విడిపించిన చక్రం వైపు కొద్దిగా ఒరుగుతుంది. అది లోపం కాదు, అలవాటు పడతారు. బురదలోనూ ఎత్తు ఎక్కేటప్పుడూ మాత్రం పట్టు సగమే ఉంటుంది.

మెరుగైన పద్ధతి: రెండు హబ్బులకూ బుష్‌లు వేయించి, హబ్బు మెడ గుండా ఇరుసులోకి అడ్డంగా 10 మి.మీ. రంధ్రం తీయించి, పిన్నుతో కలపడం. పిన్ను ఉంటే చక్రం ఇరుసుతో తిరుగుతుంది, తీస్తే విడిగా తిరుగుతుంది. పిన్ను ఊడిపోకుండా లించ్ పిన్ను పెట్టండి. మొద్దు చుట్టూ తిరిగేటప్పుడు మలుపు లోపలి వైపు పిన్ను తీయండి. ట్రాలీ ఎక్కించేటప్పుడు, ఏటవాలులో దిగేటప్పుడు రెండూ పెట్టండి. రెండు పిన్నులూ ఒకేసారి తీస్తే మిషనును ఆపేది ఏదీ ఉండదు కనుక, తీసిన పిన్ను హ్యాండిల్‌కు చిన్న గొలుసుతో వేలాడేలా కట్టుకోండి. రెండు పిన్నులూ కళ్ళెదుట వేలాడుతుంటే ప్రమాదం మీకే గుర్తొస్తుంది.

పాత ఆటో డిఫరెన్షియల్ పెట్టించవచ్చా అని కొందరు అడుగుతుంటారు. పెట్టించవచ్చు, కానీ బరువూ ఖర్చూ చూస్తే ఇంత చిన్న మిషనుకు అది కోడిపిల్లకు గంట కట్టడమే.

8. తోపుడు మిషన్లు, హైడ్రాలిక్ మిషన్లు

తోపుడు మిషనులో ఒక చక్రానికి బ్రేకు వేసి, దాని చుట్టూ హ్యాండిల్‌ను విల్లులా తిప్పుతూ కోయాలి. బ్రేకు జారితే మలుపు చెడుతుంది. టైరు మీద, దాని పక్కన నేల మీద సుద్దతో ఒకే వరుసలో గీత గీసి, బ్రేకు వేసి హ్యాండిల్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి చూడండి. టైరు మీది గీత ముందుకో వెనక్కో జరిగితే చక్రం దొర్లింది, బ్రేకు జారుతోంది. కేబుల్ అడ్జస్టర్ బిగించండి. తీగ పోగులు తెగి ఉంటే స్కూటర్ బ్రేకు కేబుల్‌ను కొలతకు కోయించి వాడుకోవచ్చు. బ్రేకు పట్టీ మీద గ్రీజు పడి ఉంటే అది ఎంత బిగించినా పట్టదు, ముందు శుభ్రం చేయాలి.

హైడ్రాలిక్ మిషను ఒక వైపుకే తిరుగుతూ రెండో వైపు మందంగా ఉంటే, ముందు ఆయిల్ మట్టం, లివరు వాల్వును నిండుగా తెరుస్తోందా లేదా చూడండి. అప్పటికీ తేలకపోతే, ఒత్తిడి పూర్తిగా దించి, కుడి ఎడమ మోటార్ల గొట్టాలను వాల్వు దగ్గర ఒకదానికొకటి మార్చి బిగించండి. మందం రెండో చక్రానికి మారితే లోపం వాల్వులో ఉంది. అదే చక్రంలో నిలిచిపోతే మోటారులో ఉంది. లీకు కోసం గొట్టం వెంట చెయ్యి పెట్టి తడమవద్దు, అట్టముక్కతో వెతకండి. ఒత్తిడిలో ఉన్న ఆయిల్ సన్నని ధారగా చర్మంలోకి దూసుకుపోతుంది.

తరచుగా జరిగే పొరపాట్లు

మిషనును తప్పుపట్టే ముందు నేలను చూడండి. కోసిన పొట్టు చక్రాల ముందు బెత్తెడు ఎత్తు పేరుకుంటే ఎంత మంచి మిషనైనా తిరగదు. ప్రతి నాలుగైదు వరుసలకు ఒకసారి ఆపి, పారతో పొట్టు లాగేయండి. కడియం నర్సరీల్లో కుండీ వరుసల మధ్య నీళ్ళు పట్టిన మెత్తటి నేల మీద పని పడినప్పుడు నేను 18 మి.మీ. ప్లైవుడ్ ముక్కలు రెండు వెంట తీసుకువెళ్తాను. చక్రాలు వాటి మీద నిలిస్తే ఒక్క చేత్తో తిప్పవచ్చు. తడిసిన నల్లరేగడిలో ప్లైవుడ్ కూడా జారుతుంది, ఆ రోజుకు పని మానుకోవడమే మంచిది.

రెండోది, కోత పళ్ళు మొద్దుబారడాన్ని మలుపు లోపంగా భ్రమపడటం. ఒక వైపు పళ్ళు అరిగి, రెండో వైపువి పదునుగా ఉంటే కోత మిషనును పక్కకు నెడుతుంది. ఒకే వరుసలో రెండు సెంటీమీటర్లకు మించి లోతు దింపినా ఇదే జరుగుతుంది. గుర్తు ఏమిటంటే, కోత ఆపి ఖాళీగా నడిపితే మిషను బుద్ధిగా తిరుగుతుంది.

చక్రాలను బయటికి జరిపితే మిషను నిలకడగా ఉంటుందని వాషర్లు, గొట్టం ముక్కలు వేసి వెడల్పు పెంచేవారున్నారు. ఇరుసు చివర మీద బరువు పెరిగి బేరింగు త్వరగా పోతుంది, ఇరుసు వంగుతుంది. ఎం12 బోల్టులను పొడవాటి పైపు వేసి విరగబిగించడం ఇంకో అలవాటు, 8.8 రకం ఎం12 బోల్టుకు దాదాపు 80 న్యూటన్ మీటర్ల బిగువు చాలు, అది టార్క్ రెంచితో (బిగువును అంకెల్లో చూపే స్పానర్‌తో) తెలుస్తుంది, భుజంతో తెలియదు.

అన్నిటికన్నా పెద్ద పొరపాటు ఐదు మార్పులు ఒకేరోజు చేసి, ఏది పని చేసిందో తెలియక తల పట్టుకోవడం. ఒక్కో మెట్టు తరువాత త్రాసు పెట్టి అంకె రాసుకోండి.

ఫలితాన్ని సరిచూసుకోవడం

కోత ఆపి ఉంచి, మూడు పరీక్షలు చేయండి. మొదటిది, అదే నేల మీద 1వ మెట్టు త్రాసు పరీక్ష మళ్ళీ చేయడం. నేల మారితే అంకెలను పోల్చడానికి వీలుండదు. రెండోది, 10 మీటర్ల గీత గీసి దాని వెంట నడపడం. రెండు చక్రాలూ ఇరుసుకు కలిపి ఉన్నప్పుడు హ్యాండిల్‌ను సరిదిద్దకుండా నడిపితే చివరకు జానెడున్నరకు మించి పక్కకు పోకూడదు; పోతే 2వ మెట్టుకు, 4వ మెట్టుకు తిరిగి వెళ్ళండి. మూడోది, రెండు ఇటుకలను రెండు మీటర్ల దూరంలో పెట్టి వాటి చుట్టూ 8 అంకె ఆకారంలో తిప్పడం. ఈ తిప్పుడంతటిలో చక్రాన్ని నేల నుంచి ఎత్తి వేయవలసిన అవసరం ఒక్కసారి కూడా రాకూడదు.

తరువాత గంటసేపు నిజమైన మొద్దు మీద పని చేసి, ఆపి, ప్లగ్ టోపీ లాగి, హబ్బుల మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి ఆనలేనంత వేడిగా ఉంటే బుష్ బిగువుగా ఉంది లేదా గ్రీజు అందడం లేదు. కాలర్ స్క్రూలు, అడ్డు పిన్నులు, హ్యాండిల్ బోల్టులు మరొకసారి బిగించి, రెండు గంటల పని తరువాత మళ్ళీ చూడండి. కొత్తగా వెల్డింగ్ చేసిన చోట వెంట్రుకంత పగులు కనిపించినా ఆ రోజుకు మిషనును ట్రాలీ ఎక్కించేయండి. ఎక్కించే ముందు రెండు పిన్నులూ ఇరుసులోనే ఉన్నాయో లేదో చూసుకోండి.